కాకుల మిట్ట గంట

గంట మోగనిదే నెట్టీ గెలాట్లీ బంతి కొట్టదు. ఆ మాటకొస్తే డ్రమ్‌ఫారో ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ కొట్టరు.

కోట తోటలోని గోల్ఫ్ మైదానంలో పదకొండో గుంట కాకుల మిట్టకి అవతల ఉంది. ఇవతల నిలబడి కొట్టేవాళ్ళకి జెండా కనబడదు, జెండా దగ్గరున్న మనుషులూ కనబడరు. ఎదురుగా ఎత్తుగా మట్టి దిబ్బ, దాని మీద కాకులు, ఆపైన ఆకాశం. బంతిని ఆ దిబ్బ మీదుగా గుడ్డిగా కొట్టాల్సిందే. అందుకని ముందు వెళ్ళినవాళ్ళు గుంటలో బంతి వేసి, జెండా మళ్ళీ నిలబెట్టి, పక్కన స్తంభానికి వేలాడే గంట తాడు లాగి తప్పుకుంటారు. మోత వినబడ్డాకే ఇవతలివాళ్ళు కర్ర ఎత్తాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. తల్లి చెయ్యి పట్టుకుని నడిచే వయసులోనే వంటబట్టే సంగతి.

ఆ గంట ఏ సంతలోనో కొన్నది కాదు. ఊరి పాత ప్రార్థన మందిరం గోపురం గాలివానకి ఒరిగిపోయినప్పుడు కొత్తదానికి పెద్ద గంట తెప్పించారు. ఈ చిన్నదాన్ని కరిగించడానికి ఎవరికీ మనసొప్పలేదు. అప్పటి కోట దొరా, అప్పటి పాస్టరుగారూ ఆలోచించి, మనుషుల తలలు పగలకుండా కాపాడే పనిలో పెడితే దేవుడికీ సంతోషమేనని మిట్ట అవతల కట్టించారు. నెట్టీ అమ్మమ్మ పెళ్ళికి మోగింది ఆ గంటే.

నెట్టీ పుట్టింది కోటలో దుప్పట్లు ఉతికే కొట్టం పక్కింట్లో. తల్లి ఆ కొట్టంలో పనిచేసేది. మొదటి గుంట పక్కనున్న కంచె మీద తెల్ల దుప్పట్లు ఆరేస్తుంటే, ఆటగాళ్ళు వాటి మీద బురద బంతి పడకుండా పక్కకి తిరిగి కొట్టేవారు. కోటలోని ముసలి దొరసాని ఒకరోజు తన పాత కర్రని సగానికి కోయించి, కంచె దగ్గర మట్టిలో ఆడుకుంటున్న నెట్టీ చేతిలో పెట్టింది. అప్పుడు పట్టిన కర్రని నెట్టీ ఇప్పటిదాకా దించలేదు. తర్వాత ఊరి బళ్ళో వంటమనిషిగా కుదిరింది. ఇవాళ ఊళ్ళో పెద్ద మనుషులమని తిరిగే సగం మంది ఆమె కాచిన పులుసు తాగి పెరిగినవాళ్ళే. ఏ పిల్లాడు పొద్దున ఏమీ తినకుండా వచ్చాడో మొహం చూసి పట్టేసి, వాడు అడగకుండానే ఇంకో గరిటె పోసేది. ఆ సంగతి వాడి పక్కనున్నవాడికి కూడా తెలిసేది కాదు.

ఊరివాళ్ళకి మైదానంలో ఆడుకునే హక్కు పాత దొరల కాలం నుంచీ ఉంది. దానికి బదులు గురువారం సాయంత్రాలు వాళ్ళు బకెట్లు పట్టుకుని మైదానమంతా తిరగాలి. ఆటగాళ్ళ కర్ర తగిలి గడ్డి పెళ్లలు లేచిపోయిన చోటల్లా ఇసుకా, గడ్డి గింజలూ కలిపి పూడ్చి, కాలితో అణచాలి. వాన పడేలా ఉంటే మైదానం చూసే శాండీ ఇసుక కుప్ప మీద తన సొంత కోటు కప్పి ఉంచేవాడు, ముసలివాళ్ళు తడి ఇసుక మొయ్యలేరని. నెట్టీకి ఆ గురువారాలంటే ఆటకన్నా ఇష్టం. ఒకరు చేసిన గాయం ఇంకొకరు మాన్పుతూ పోవడం ప్రార్థనలాగే ఉంటుందని ఒకసారి అంది. మళ్ళీ ఆ మాట అన్నందుకు సిగ్గుపడింది.

ఆమె పెళ్ళి కుదిరింది కూడా ఆ గంట దగ్గరే. బస్సు నడిపే ఎక్ గెలాట్లీ ఒక శనివారం ఆమెకి ముందు ఒంటరిగా ఆడుతూ వెళ్ళాడు. నెట్టీ మిట్టకి ఇవతల నిలబడింది. సన్నగా వాన. గంట మోగదు. ఆమె వెనకవాళ్ళు వచ్చి చేరారు, వాళ్ళ వెనకవాళ్ళూ వచ్చి చేరారు. జుట్టు తడిసి మొహానికి అంటుకుపోయింది. ఈ మనిషి గుంటలో బంతి వేశాడా, గుంటలో తనే పడ్డాడా అని నెట్టీ లోపల రగిలిపోయింది కానీ, కర్ర మాత్రం ఎత్తలేదు. చివరికి గంట మోగింది. అదీ ఒకసారి కాదు, ఆగకుండా. మిట్ట దాటి వెళ్ళి చూస్తే ఎక్ తాడు పట్టుకుని, టోపీ తీసేసి నిలబడి ఉన్నాడు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అన్న ముక్కని ఆ వానలో ఇంతసేపూ గంటకి అప్పజెప్పుకుంటున్నాడట. సరేనంది నెట్టీ. ముందు పక్కకి తప్పుకో, వెనకవాళ్ళు కొట్టాలి అని కూడా అంది.

ఎక్ పోయాక ఆమెకి మిగిలింది మందిరం, మైదానం. ఆదివారం అక్కడ, శనివారం ఇక్కడ.

పాత దొర పోయాక ఆయన అన్న కొడుకు కోటనీ, మైదానాన్నీ ఒక హోటల్ కంపెనీకి అద్దెకిచ్చి దక్షిణానికి వెళ్ళిపోయాడు. కంపెనీ తరఫున ఆలివర్ ప్రెంటిస్ అనే మేనేజరు వచ్చాడు. మనిషి చెడ్డవాడని నెట్టీ ఏనాడూ అనలేదు. పొరుగింటి పీమ్ ఇమ్లాక్ భార్య ఊపిరాడక పడిపోయినప్పుడు, మంచు కురుస్తుంటే కోట కారిచ్చి ఆసుపత్రికి పంపింది అతనే. ఆ మేలు నెట్టీ రోజూ తలుచుకునేది. తలుచుకుని చాలా మింగింది. వానలో రబ్బరు బూట్లతో ఆడకూడదన్నారు, మింగింది. ఊరివాళ్ళు పెద్ద గేటు నుంచి కాక పశువుల గేటు నుంచి రావాలన్నారు, వచ్చింది. పెళ్లలు పూడ్చడానికి మాకు మనుషులున్నారు, గురువారాలు మీరు రానక్కర్లేదన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో ఖాళీ బకెట్టు ముందు కూర్చుని, కోపం వచ్చినట్టుందని దేవుడికి చెప్పుకుంది.

ఆ తర్వాత గంట పోయింది.

ఒక శనివారం పొద్దున్నే అందరికన్నా ముందు ఆడుతూ వెళ్ళిన నెట్టీ, పదకొండో గుంట దగ్గర ఆట ముగించి తాడు కోసం చెయ్యి చాపితే చేతికి గాలి తగిలింది. స్తంభం ఒక్కటే ఉంది. మిట్టకి ఇవతల కొత్తగా నిలబెట్టిన దీపం సంగతి తర్వాత తెలిసింది. ఎర్రగా వెలిగి, కాసేపయ్యాక దానంతట అదే పచ్చగా మారుతుందట. పచ్చగా ఉంటే కొట్టొచ్చట. అవతల ఎవరున్నారో, ఏమయ్యారో ఆ దీపానికి అక్కర్లేదు.

గంట ఏమైందో శాండీ చెప్పాడు. చెబుతూ ఆమె మొహం చూడలేక కర్రలు తుడుస్తూ కూర్చున్నాడు. నెట్టీ నమ్మలేదు. ఆదివారం వేసుకునే కోటు వేసుకుని కోటలోకి వెళ్ళింది. హోటల్ వాళ్ళు మద్యం పోసే గదిలో సీసాల పక్కన, తళతళలాడేలా తోమి, తెల్లటి పట్టు తాడు కట్టి ఉంది గంట. ఒకే దెబ్బకి గుంటలో బంతి వేసినవాడు దాన్ని మోగించి అందరికీ విస్కీ పోయించాలట. నెట్టీ చూస్తుండగానే ఎవడో మనిషి, ఏ గుంటలోనూ ఏమీ వెయ్యనివాడే, పట్టు తాడు పట్టుకుని నవ్వుతూ గుంజాడు. అక్కడ పనిచేసే అమ్మాయి చిన్నప్పుడు నెట్టీ పులుసు తాగినదే. ఏమీ అడక్కుండా ఒక కప్పు టీ తెచ్చి ఆమె ముందు పెట్టి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. ఆ చెయ్యి లేకపోతే ఆ రోజు ఏం చేసి ఉండేదో తనకే తెలియదని నెట్టీ తర్వాత చెప్పుకుంది.

టీ తాగి నేరుగా ప్రెంటిస్ గదికి వెళ్ళింది.

"ఆ గంట మందిరంది, మిస్టర్ ప్రెంటిస్."

"మైదానంలో ఉంది కదండీ, మిసెస్ గెలాట్లీ. మైదానంలోవన్నీ కోటతో పాటే వచ్చాయి. పొద్దున్నే ఆ మోతకి మా అతిథులు నిద్ర లేచిపోతున్నారు. అందుకే దీపం పెట్టించాం."

"అతిథులు నిద్రపోతున్నారని అవతలివాళ్ళ తల పగలొచ్చా?"

"ఎవరి తలా పగలదండీ. ఆట ముగించుకుని పోవడానికి సరిపడా టైము లెక్క చూసే పెట్టాం."

"పీమ్ మోకాలు చూశారా ఆ లెక్కలో?"

ప్రెంటిస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతిథులు చాలా డబ్బు పోసి వస్తున్నారనీ, ఊరివాళ్ళ వల్ల ఆట నిలిచిపోతోందని గోల పెడుతున్నారనీ నెమ్మదిగానే చెప్పాడు. పచ్చదీపం వెలిగాక ఆట ఆపినవాళ్ళకి, వాళ్ళు ఎవరైనా సరే, ఇక మైదానంలో ఆట ఉండదన్నాడు. ఆ 'ఎవరైనా సరే' అన్నప్పుడు ఆమె వైపు చూశాడు. మందిరం పాస్టరమ్మ ఊనా కూడా వెళ్ళి గంట తిరిగి ఇమ్మని అడిగింది. కాఫీ ఇచ్చి సాగనంపారు.

నెట్టీ ఇంటికొచ్చి ఎక్ టోపీ ముందు కూర్చుంది. ఆట పోతే తనకి శనివారమే లేదు. బంతి కొట్టకుండా ఎలా బతకాలో ఆమెకి తెలియదు. గంట వినకుండా బంతి ఎలా కొట్టాలో అంతకన్నా తెలియదు.

వేసవిలో ఊరి పోటీ వచ్చింది. ఆ పోటీకి బహుమానం వెండి కప్పు కాదు, జావ కలిపే చెక్క పుల్ల. గెలిచినవాళ్ళు ఏడాదంతా ఆ పుల్లతోనే పొద్దుటి ఓట్స్ జావ కాచుకోవాలి. ఎక్ ఒకసారి గెలిచి, ఆ గొప్పలో ఏడాది పొడుగునా జావ మాడ్చాడు. ఆ రోజు నెట్టీకి జోడీ రొట్టెల కొట్టు రోనా. పొద్దున పొయ్యిలోంచి తీసిన బ్రైడీలు, అంటే మాంసం కూరిన రొట్టెలు, రెండు కాగితంలో చుట్టి జేబులో వేసుకుని వచ్చింది. ఒకటి నెట్టీకి. నెట్టీది ఉల్లిపాయ లేనిది, ఆమెకి పడదని. వాళ్ళ ముందు ఆడుతున్నది పీమ్, శాండీ. వాళ్ళ వెనక హోటల్ అతిథులు నలుగురు.

పదకొండో గుంట దగ్గరికి వచ్చేసరికి దీపం ఎర్రగా ఉంది. కాసేపటికి పచ్చగా మారింది.

నెట్టీ కర్ర మీద ఆనుకుని నిలబడింది. రోనా ఆమె మొహం చూసి, తన బంతిని జేబులో వేసుకుని, బ్రైడీ కాగితం విప్పింది.

వెనక అతిథులు వచ్చారు. ముందు దగ్గారు. తర్వాత వాళ్ళలో ఎర్ర స్వెట్టరాయన, పచ్చదీపం వెలిగింది మేడమ్ అని మర్యాదగానే చెప్పాడు. నెట్టీ అంతకన్నా మర్యాదగా, వెలిగిందండీ, గంట మోగలేదు అంది. ఏ గంట అన్నాడతను. మీరు రాత్రి విస్కీ తాగుతూ మోగించారే, ఆ గంట అంది రోనా నోటినిండా బ్రైడీతో. దీపం ఎర్రబడి మళ్ళీ పచ్చబడింది. వెనక ఇంకో గుంపు చేరింది. మాకు టైము లేదు, మమ్మల్ని ముందు కొట్టుకోనివ్వండి అని స్వెట్టరాయన బంతి పెట్టబోయాడు. నెట్టీ వెళ్ళి ఆ బంతికి ఎదురుగా నిలబడింది. అరవలేదు. కోటు గుండీలు పెట్టుకుని నిలబడింది, అంతే.

చిన్న బండి మీద ప్రెంటిస్ వచ్చాడు.

"దీపం పచ్చగా ఉంది, మిసెస్ గెలాట్లీ."

"చూస్తున్నాను."

"ముందే చెప్పాను కదండీ మీకు."

"చెప్పారు. మర్చిపోలేదు. అవతల ఎవరున్నారో మీకు తెలుసా?"

"ఎవరూ ఉండరు. ఇంతసేపు ఎవరుంటారు?"

అప్పుడు మిట్ట అవతల నుంచి ఒక చప్పుడు వచ్చింది. గంట కాదు. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు టంగ్, టంగ్ అని మొండిగా, వంకరగా. నెట్టీ చెవులు రిక్కించింది. మళ్ళీ వచ్చింది. ఆమె వెంటనే ప్రెంటిస్‌ని వదిలేసి, తన బంతి పెట్టుకుని, కర్ర ఎత్తి కొట్టింది. బంతి కాకుల్ని లేపుతూ దిబ్బ దాటి పోయింది.

అందరూ మిట్ట ఎక్కి చూశారు. బంతులన్నీ పడే చోటికి నాలుగడుగుల దూరంలోని స్తంభం దగ్గర్నుంచి తప్పుకుని, పీమ్ పచ్చిక అంచున నిలబడి ఉన్నాడు. చేతిలో ఇనప తల ఉన్న కర్ర. దాంతోనే ఇనప స్తంభాన్ని కొట్టింది. పక్కన శాండీ నేల చూస్తున్నాడు.

జరిగిందేమిటంటే వాళ్ళ ఆట ఎప్పుడో అయిపోయింది. అలవాటు కొద్దీ పీమ్ స్తంభం దగ్గరికి వెళ్ళాడు. తాడు లేదు. గంట మోగించకుండా పన్నెండో గుంటకి వెళ్ళడానికి అతనికి కాళ్ళు రాలేదు. పోదాం రా అని శాండీ ఎంత బతిమాలినా, అవతల నెట్టీ ఉంది, చెప్పకుండా ఎలా పోతాం అని కదల్లేదు. ఇవతల ఆమె, గంట మోగందే కొట్టనని. అవతల అతను, గంట కొట్టందే పోనని. మధ్యలో దీపం తనకి తోచినట్టు ఎర్రగా, పచ్చగా.

"పిల్లా, వినబడిందా?" అని పీమ్ మిట్ట మీదున్న నెట్టీని అడిగాడు. ఇద్దరికీ డెబ్బై దాటినా అతనికి ఆమె పిల్లే.

"వినబడింది. గిన్నె పగలగొట్టినట్టుంది."

"మరేం చెయ్యను, మంచి గంట తాగుడికి పోయింది."

అతిథుల్లో ఇద్దరు నవ్వారు. ప్రెంటిస్ నవ్వలేదు. అతని మొహం ఎర్రబడింది.

"చూశారా, ఆట ముగిసినా ఈయన ఇక్కడే నిలబడ్డాడు. తప్పు దీపానిదా?"

నెట్టీ అన్నాళ్ళు మింగినదంతా, రబ్బరు బూట్లూ, పశువుల గేటూ, ఖాళీ బకెట్టూ, ఒక్కసారిగా పైకొచ్చింది. అయినా గొంతు పెంచలేదు.

"దీపం రెండుసార్లు పచ్చబడింది, మిస్టర్ ప్రెంటిస్. రెండుసార్లూ పీమ్ అక్కడే ఉన్నాడు. మంచులో మీరు కారిచ్చి అతని భార్యని బతికించారు. ఇవాళ నేను మీ దీపం మాట విని ఉంటే, ఆమె మొగుణ్ణి ఆమెకి ఎలా అప్పజెప్పేదాన్ని?"

ప్రెంటిస్ వెనక్కి తిరిగి, ఎదురుచూస్తున్న అతిథుల వైపు చూశాడు. ఆ చూపులోనే తన మాట పోకూడదన్న పట్టుదల వచ్చేసింది. ఇవాళ్టి పోటీ పూర్తి చేసుకోవచ్చనీ, రేపటి నుంచి మిసెస్ గెలాట్లీకి మైదానంలో ఆట లేదనీ అందరి ముందూ చెప్పి, బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

నెట్టీ మిగతా గుంటలన్నీ ఆడింది. తన కర్రకి లేచిన ప్రతి పెళ్లనీ తెచ్చి, దాని చోట పెట్టి, కాలితో అణిచింది. పద్దెనిమిదో గుంట దగ్గర, తేలిగ్గా పడాల్సిన బంతి గుంట పక్కనుంచి పోయింది. జావ పుల్ల శాండీ ఇంటికి పోయింది. రోనా ఏడ్చింది, నెట్టీ ఏడవలేదు. మర్నాడు మందిరంలో ప్రెంటిస్ కోసం ప్రార్థించాలని కూర్చుంది. శత్రువుల కోసం ప్రార్థించమన్న మాట చిన్నప్పటి నుంచీ విన్నదే. మూడో కీర్తన అయిపోయేదాకా ఆ పేరు నాలుక మీదికి రాలేదు. వచ్చాక కూడా, ప్రభువా, వాడికి బుద్ధి అని మొదలైంది. అక్కడ ఆపి, మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంది.

ప్రార్థనయ్యాక పాస్టరమ్మ ఊనా ఆమె పక్కన వచ్చి కూర్చుంది. తర్వాత పాస్టరమ్మ లేచి, ఆదివారం బడి పిల్లల్ని లోపలికి పిలవడానికి వాడే చేతి గంట తెచ్చి నెట్టీ ఒళ్ళో పెట్టింది. పిల్లలు ఈ మధ్య పిలవకుండానే వస్తున్నారు, దీనికి పని లేదు అంది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి శనివారం నెట్టీ రబ్బరు బూట్లు వేసుకుంది. కర్రలు ఇంట్లోనే వదిలేసింది. పెద్ద గేటు నుంచే లోపలికి నడిచింది. ఈ దేశపు చట్టం ప్రకారం నేల మీద నడిచేవాళ్ళని ఆపే హక్కు ఏ కోటకీ లేదు, ఆటకి అడ్డం రానంతవరకూ. ఆమె పచ్చిక అంచునే నడిచి, కాకుల మిట్ట దాటి, స్తంభం పక్కకి వెళ్ళి నిలబడింది. ముందువాళ్ళు ఆట ముగించి వెళ్ళారు. జెండా చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గంట ఊపింది. అవతల నుంచి కర్ర దెబ్బ వినబడింది. ఊరివాళ్ళ దెబ్బ.

ప్రెంటిస్ వచ్చాడు. ఇక్కడ మీకు ఆట లేదని చెప్పాం కదండీ అన్నాడు.

"నేను ఆడట్లేదు, మిస్టర్ ప్రెంటిస్. నడుస్తున్నాను. నడిచి నడిచి కాస్త ఆగాను."

చేతిలోది ఏమిటని అతను అడగలేదు. ఆ రోజు నుంచి వానైనా ఎండైనా శనివారం ఆమె అక్కడే. రోనా బ్రైడీ పంపేది. శాండీ ఒక పీట తెచ్చి పడేసి, ఎవరో పారేసిందిలే అన్నాడు. దీపం ఇవతల ఎర్రగా, పచ్చగా వెలుగుతూనే ఉంది. ఊరివాళ్ళు దాని వైపు చూసేవారు కాదు. కొన్నాళ్ళకి అతిథులు కూడా, ఎందుకో అడక్కుండానే, ఊరివాళ్ళని చూసి గంట కోసం ఆగడం మొదలుపెట్టారు.

కానీ ఆమె కర్రలు మాత్రం వంటింటి మూల అలాగే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా కోపం కొత్తగా వచ్చేది. బంతి కొట్టి చాలాకాలమైన చేతులు రాత్రి పక్క మీద కూడా ఏదో పట్టుకోవడానికి చూసేవి.

ఆకులు రాలే కాలంలో ఒక సాయంత్రం, అతిథులు వెళ్ళిపోయాక, ప్రెంటిస్ ఒక్కడే ఆడుతూ పదో గుంట దాటడం ఆమెకి దారిలో కనబడింది. ఇంటికి పోతున్న ఆమె, అతను చూస్తుండగానే వెనక్కి తిరిగి, మిట్ట అవతలికి వెళ్ళి పీట మీద కూర్చుంది. జెండా దగ్గర ఎవరూ లేరు. అవతల దీపం ఈపాటికి పచ్చబడే ఉంటుంది. బంతి రాలేదు. ఇంకా కాసేపు చూసింది. రాలేదు.

అతను ఎదురుచూస్తున్నాడు.

నెట్టీ గంట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గాలికి ఆకులు వచ్చి జెండా చుట్టూ తిరుగుతున్నాయి. వానలో తనని నిలబెట్టిన ఎక్ గుర్తొచ్చాడు. ఎక్ ప్రేమతో నిలబెట్టాడు, తను దేనితో నిలబెడుతోందో దేవుడికే చెప్పుకోవాలి. నిలబడనీ, అనుకుంది. పట్టు తాడు గుంజినవాడి నవ్వు గుర్తొచ్చింది. ఇంకాసేపు నిలబడనీ, అనుకుంది. మిట్ట అవతల నుంచి ఒక చిన్న దగ్గు వినబడింది. చలి పుట్టినవాడి దగ్గు.

ఆమె లేచి, చుట్టూ మరోసారి చూసుకుని, గంట ఊపింది.

బంతి ఎత్తుగా వచ్చి జెండాకి బాగా దగ్గరగా పడింది. మంచి దెబ్బే. ఆ మాట అతనితో చెప్పే ఉద్దేశం ఆమెకి లేదు. అతను మిట్ట ఎక్కి వచ్చేలోపే కోటు గుండీలు పెట్టుకుని, పచ్చిక అంచునే పెద్ద గేటు వైపు నడిచింది.